నేను సరిచేసిన వంపు

పోయిన నెల రియాదులో మా అల్లుడు సురేశ్ నన్ను కారులో సులై అనే పేటకు తీసుకెళ్లాడు. అల్లుడంటే పరాయివాడేం కాదు, మా అక్క కొడుకే. వాడికే నా బిడ్డనిచ్చాను. అక్కడ ఒక ఆఫీసులో పనిచేస్తున్నాడు. విజిట్ వీసా పంపి మూడు నెలలు ఉండిపొమ్మంటే వెళ్లాను గానీ, పదో రోజుకే ఏసీ గదిలో టీవీ ముందు కూర్చోవడం విసుగొచ్చింది. "ఒక్కసారి సులై చూపియ్యిరా" అన్నాను. "గోదాములు, ట్రైలర్లు తప్ప గక్కడ ఏముంటయి మామా" అని నవ్వుతూనే తీసుకెళ్లాడు. నేను చెప్పిన మలుపులన్నీ తప్పాయి, నాకు గుర్తున్న దుకాణాలేవీ లేవు. చివరికి ఒకచోట గోడ వంపు చూసి "ఆపు, ఆపు" అన్నాను. నడుమ అదే పాత రెండు వరుసల రోడ్డు. రోడ్డుకు అటొక ఖాళీ పట్టీ, ఇటొక ఖాళీ పట్టీ, వాటిలో కంకర, పగిలిన టైర్లు, నిద్రపోతున్న రెండు లారీలు. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేస్తామని తీసుకున్న స్థలం అది. రోడ్డు ఇంకా వెడల్పు కాలేదు. వంపు మొదట్లో తల చితికిన ఇనుప మేకు ఒకటి నేలలోంచి బొటనవేలంత పైకి కనిపిస్తోంది. అది నేను కొట్టిన మేకు.

ఇది మంచివాడి కథ కాదని ముందే చెప్తున్నాను. ఒక మనిషి కొంప కూలాలని ఏళ్ల తరబడి పొద్దున లేస్తూనే కోరుకున్నవాణ్ణి నేను. దేవుడికి దండం పెట్టినా ముందు అదే మొక్కు, పిల్లల సంగతి ఆ తర్వాతే. వాడి పేరు రాజేశం. మా పక్క ఊరివాడు. వాణ్ణి తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు అన్నం సయించదు.

నేను సౌదీకి పోయేనాటికి ఇరవై రెండేళ్లు దాటలేదు. మా తాత మేస్త్రి, మా నాయన మేస్త్రి, నేనూ తాపీ పట్టినవాణ్ణే. అక్క మొగుడు పోశం బావ, అంటే సురేశ్ తండ్రి, అప్పటికే సులైలో ఒక చిన్న బిల్డింగ్ కంపెనీలో వంటమనిషి. వీసా తీసి నన్ను పిలిపించుకున్నది ఆయనే. కంపెనీ ఒక ముసలి సౌదీ ఆయన దగ్గర ఒక యార్డు అద్దెకు తీసుకుంది. సిమెంటు బస్తాలు, సెంట్రింగ్ చెక్కలు, కాంక్రీటు మిషన్లు ఒక పక్క. రోడ్డువైపు గోడకు ఆనుకుని మా పదకొండు మందికి రెండు గదులు, వాటి చివర బావ వంటగది. వంటగది పక్కన పాత బావి, బావి మీదికి వంగిన రేగుచెట్టు. ఆ చెట్టును వాళ్లు సిద్ర్ అంటారు. యార్డు యజమాని తల్లి నాటిందట, దాని ఆకు నూరి తలంటుకునేదట. బావినీళ్లు ఉప్పన, తాగడానికి పనికిరావు. కానీ మధ్యాహ్నం నమాజు వేళ దారినపోయే డ్రైవర్లు ఆగి ఆ నీళ్లతోనే కాళ్లుచేతులు కడుక్కునేవాళ్లు. యజమానిని అందరూ అబూ సాలెహ్ అనేవారు, మేం బాబా అనేవాళ్లం.

బావ వంటగది గురించి చెప్పాలంటే ముందు వాసన చెప్పాలి. పొద్దున ఐదింటికల్లా చింతపండు నానబెట్టిన పులుపు వాసన, దాని మీద ఎండుమిర్చి కాల్చిన ఘాటు, ఆ ఘాటుకు పదకొండు మందిమీ ఒకేసారి తుమ్ముతూ లేవడం. పచ్చిపులుసు లేకుండా బావ ఒక్కపూట వంట దించలేదు. ఊరి నుంచి లుంగీ కొంగున ముడేసి తెచ్చుకున్న గింజలతో బావి పక్కన రెండు మడుల గోంగూర పెంచాడు. మేం స్నానం చేసిన నీళ్లు ఒక కాలువ చేసి దానికే మళ్లించాడు. "సబ్బు ఎక్కువ రుద్దకుర్రి, నా ఆకు చేదైతది" అని మా మీద అరిచేవాడు. వంట అయ్యాక గరిటెడు అన్నం గోడమీద పిచ్చుకలకు పెట్టి, మేమందరం తిన్నాకే తాను తినేవాడు. అన్నింటికన్నా విచిత్రమైన అలవాటు ఇంకొకటి ఉండేది. రోజూ పొయ్యి కడిగి, పని దగ్గర మిగిలిన తెల్ల సిమెంటు చిటికెలతో తీసి, పొయ్యి ముందు నాలుగు చుక్కల ముగ్గు వేసేవాడు. మగవాడు ముగ్గేస్తాడా అని మేం ఏడిపిస్తే, "మీ అక్క ఈడ లేదు గదరా. పొయ్యికి గది తెల్వది" అనేవాడు.

కువైట్ యుద్ధం వచ్చింది. కిటికీలకు ఖాకీ టేపులు అంటించాం, తలుపు సందులకు తడి తువ్వాళ్లు కుక్కాం. సైరన్ మోగితే మేం మంచాల కింద దూరేవాళ్లం. బావ మాత్రం ముందు పప్పు గిన్నె మీద మూత పెట్టి, మూత మీద బండ పెట్టి, అప్పుడు వచ్చేవాడు. "గ్యాసొస్తె మనం సచ్చినా మంచిదే, పప్పు పాడైతె పొద్దున ఎవలు తింటరు?" అనేవాడు. చచ్చాక పొద్దున తినేదెవరు బావా అని అడిగేంత ధైర్యం ఎవరికీ లేదు. ఒకరోజు సైరన్ మోగినప్పుడు బాబా తన ఫ్లాస్కు పట్టుకుని మా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఇల్లు వదిలి ఇక్కడికెందుకని బావ వచ్చీరాని అరబ్బీలో అడిగితే, "మీరు నా గోడ లోపల ఉన్నారు, యా బోషం. గోడ లోపల ఉన్నవాళ్లు అతిథులు" అన్నాడు. పోశం పేరు ఆయన నోట బోషం అయ్యేది. ఏలకుల కాఫీ చిన్న గిన్నెల్లో పోసి అందరికీ తానే అందించాడు. బావ ఆయనకు గోంగూర పచ్చడి రుచి చూపిస్తే, పాపం, ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకుని కూడా బాగుందన్నాడు. పరాయి దేశంలో నాకు భయం పోయింది ఆ గదిలోనే.

యుద్ధం అయిపోయిన కొన్నాళ్లకు సర్వేవాళ్లు వచ్చారు. ఊరు పెరుగుతోంది, ముందుముందు ఈ రోడ్డు వెడల్పు చేయాలి, అందుకు రెండువైపులా ఇప్పుడే స్థలం తీసి పెట్టుకుంటారు. పద్ధతి ఏమిటంటే, మొదటి రోజు ఇంజనీరు కొలతలు తీసి ఇనుప మేకులు కొట్టిస్తాడు. మర్నాడు రంగువాళ్లు వచ్చి మేకు నుంచి మేకుకు దారం కట్టి, దారం ఎక్కడ తాకితే అక్కడ గోడమీద ఎర్రగుర్తు వేస్తారు. ఆ గుర్తుకు ఫోటో తీసుకుంటారు. ఫోటో తీశాక ఇక మేకుల్ని ఎవరూ చూడరు, గుర్తే చట్టం. వచ్చిన ఇంజనీరు సూడాన్ ఆయన, పొడుగాటి మనిషి. బావి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, ఆ నీళ్లతోనే మొహం కడుక్కున్నాడు. మా వైపు ఎన్ని మేకులు, ఎదుటివైపు ఎన్ని మేకులు అన్నది నాకప్పుడు పట్టలేదు. సాయంత్రానికి పని ముగించి వెళ్లిపోయారు.

ఎదుటివైపు సిమెంటు ఇటుకల యార్డు. దానికి ఫోర్మన్ రాజేశం. నాకంటే పదేళ్లు పెద్ద, అరబ్బీ గడగడా మాట్లాడేవాడు, చేతికి బంగారు రంగు గడియారం. రోడ్డు పక్కన ఉన్న ముందుగది వాడిదే. అందులో తెలుగువాళ్లకు ఒక మెస్సు పెట్టాలని అప్పుడే పొయ్యిలు కట్టిస్తున్నాడు. ఆ సాయంత్రం నేను గేటు దగ్గర నిలబడితే పిలిచాడు.

"ఏమ్రా లింగం, మీ తాత పెద్ద మేస్త్రి అంటవు. ఆ మేకులు సూసినవా? పాము వోయినట్టున్నయి. ఆ సూడానాయనకు కండ్లు కనవడయా ఏంది?"

చూశాను. నిజమే, మా బావి దగ్గరికి వచ్చేసరికి మేకులు ఎదుటివైపుకు వంగి, బావి దాటాక మళ్లీ వరుసలోకి వచ్చాయి. మేస్త్రి కంటికి వంకర వరుస కంట్లో నలుసే. మా తాత ఒక ఇటుక గింజంత బయటికొస్తే గోడంతా విప్పించేవాడు.

"పొద్దుగాల రంగోళ్లొచ్చి నవ్వుతరు" అన్నాడు రాజేశం. "లైను దారం పట్టి సక్కజెయ్. ఎవలు జేసిండ్రంటె నీ పేరే చెప్త ఇంజనీరుకు. సర్వేల పెట్టిచ్చుకుంటడు నిన్ను. ఎన్నొద్దులు మోస్తవ్ రా తట్టలు?"

నా అంత వెర్రివెంగళప్ప ఇంకొకడు పుట్టడు. పొద్దు గూకకముందే లైను దారం తెచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి, వంగిన మేకులన్నీ పీకి, దారం వెంట తిరిగి కొట్టాను. రెండువైపులా. ఎంత చక్కగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను కూడా. రాజేశం వాడి గేటు దగ్గర నిలబడి సిగరెట్ తాగుతూ "శాబాష్" అన్నాడు. వాడు ఒక్క మేకునూ ముట్టలేదు.

మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి బావ వంటగది గోడ లోపలివైపున, బావి గట్టు అవతల, ఎర్రగుర్తు ఉంది. గదులు, పొయ్యి, బావి, చెట్టు అన్నీ రోడ్డు భాగంలోకి పోయాయి. ఎదుటివైపు గుర్తు రాజేశం గదికి జానెడు ఇవతలే ఆగింది. బాబా అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని కొడుకు ఇంట్లో ఉన్నాడు. అభ్యంతరం చెప్పుకునే గడువు ఆ కంటి కట్టుతోనే గడిచిపోయింది. కూల్చే రోజున సూడాన్ ఇంజనీరు వచ్చి, కాగితం తిప్పి తిప్పి చూసి, "నేను బావి కోసం ఇక్కడ వంచాను. ఎవరు మార్చారు?" అని అందరి మొహాలూ చూశాడు. బావ నాకు తెలుగులో చెప్తున్నాడు ఆయన మాటలు. ఫోటోలు అప్పటికే రికార్డులకెక్కిపోయాయి, ఆయన మాట ఎవరూ వినలేదు. బాబా కుర్చీ వేసుకుని ఎర్రగుర్తు అవతల కూర్చున్నాడు. మిషను చెట్టును వేళ్లతో లేపుతుంటే కంటికి కట్టిన గుడ్డ సరిచేసుకుంటూ ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే రోడ్డు దాటి పోయి రాజేశం కాలర్ పట్టుకున్నాను. వాడు నవ్వాడు. "నేను చెప్పిన, నువ్వు చేసినవ్. మెడకాయ మీద తలకాయ లేదారా నీకు? పో, పోయి చెప్పుకో నేనే పీకిన అని. జైల్లేస్తరు." నిజమే, చెప్పుకోలేకపోయాను. బావకు మాత్రం చెప్పాను. ఆయన గోంగూర మడిలోంచి ఏరిన గింజలు రుమాలులో ముడేస్తున్నాడు. ముడి బిగిస్తూ, "మేస్త్రివి గద. సక్కగనే కొట్టినవ్" అన్నాడు. తిట్టినా బాగుండేది. కంపెనీ ఆ యార్డు వదిలేసింది, మమ్మల్ని తలా ఒక దిక్కుకు పంపింది. బావను కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీ క్యాంపుకు పంపారు. యుద్ధంలో కాలిన చమురు బావుల పొగ అప్పటికీ అక్కడి ఆకాశంలో నల్లగా ఉండేదట, సముద్రపు ఒడ్డున తారు పట్టిన ఇసుక ఎత్తే పనికి పెట్టారు వంటమనిషిని. రెండేళ్లకు ఆయన గొంతు ఫోన్లో గుర్తుపట్టలేకపోయాను. మాట ముందు దగ్గు వచ్చేది. తర్వాత నా ఫోన్లు ఎత్తడం మానేశాడు.

వాడి కొంప కూల! ఆ మాట నా నోట్లో అప్పుడు మొదలైంది. తాపీ వదిలేసి కావాలనే సర్వే కాంట్రాక్టరు దగ్గర చేరాను. ఊరికే కాదు. ఎదుటివైపు పని ఏనాటికైనా మళ్లీ వస్తుంది, ఆనాడు కొలతకర్ర పట్టుకుని నేనుండాలి. ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌లో ఉప్పుగాలికి పెదాలు పగులుతూ గొట్టాల లైన్లకు కొలతలు పట్టాను, ఎన్నో ఊళ్లు తిరిగాను. తోటివాళ్లు సెలవుకు పోతే బంగారం గురించి, ఇంటి స్లాబు గురించి మాట్లాడుకునేవాళ్లు. నేను రాజేశం పొయ్యిలో పిల్లి పండుకోవడం గురించి ఆలోచించేవాణ్ణి. అది నాకు తోడు. అది లేకపోతే ఆ ఎండల్లో ఎప్పుడో పారిపోయి వచ్చేవాణ్ణి. పగ మనిషిని తినేస్తుందని పెద్దలంటారు, నన్ను మాత్రం అదే బతికించింది. బావ ఖఫ్జీ నుంచి రియాదుకు మారాడని, మళ్లీ వంటపనే దొరికిందని అక్క ఫోన్లో చెప్పింది. ఎక్కడో ఆమెకూ తెలియదట, నాకు చెప్పొద్దన్నాడట. మంచిది, వెతికి పట్టుకుంటాను, అయితే ఉత్త చేతులతో కాదు, వాడి గోడ కూలిన వార్త పట్టుకునే పోతాను అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. సులై రోడ్డు పని మళ్లీ తీశారు. ఎదుటివైపు స్థలం పూర్తిగా తీసుకోలేదని, కాగితం మీద గీతకూ నేలమీద గోడకూ తేడా ఉందని బయటపడింది. ఈసారి ఇంజనీరు కుర్ర మలయాళీ, మంచివాడే. దుమ్ము రేగుతోందని కారులో కూర్చునే కాగితం చూస్తున్నాడు, నేను కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాను. "బావి కోసం వంచారు, బావి ఇప్పుడు లేదు. ఇటు స్థలం ఎలాగూ వచ్చేసింది. అటువైపు మనుషులుంటే ఎందుకు కూల్చడం, నేను రాసి గీతను నిటారు చేయించగలను" అన్నాడు హిందీలో. అని, నన్నే అడిగాడు. "ఉధర్ కోయీ హై క్యా?"

అవతల మెస్సు పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. గోంగూర తాలింపు వాసన వస్తోంది. మా పొయ్యి కూల్చి వీడు గోంగూర తింటున్నాడని నా ఒళ్లు భగ్గుమంది.

"కోయీ నహీ సాబ్. పురానీ దీవార్" అన్నాను. ఎవరూ లేరు, పాత గోడ అని.

కాగితంలో ఉన్నట్టే వంపు తిప్పి మేకులు కొట్టాను. మర్నాడు రంగువాడి చేతిలోంచి కుంచె లాక్కుని నేనే రాజేశం గది వెనకగోడ మీద ఎర్రగుర్తు వేశాను. ఇంత లావు గుర్తు. ఫోటో తీశారు. అప్పుడు బయటికొచ్చాడు వాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. నన్ను గుర్తుపట్టి చేతులు జోడించాడు.

"తమ్మీ, ఇరవై మంది తింటరు ఈడ. వంపు ఎవల కోసం రా ఇప్పుడు? బావి లేదు, ఏం లేదు."

ఈ మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో! సిద్ధంగా ఉంది జవాబు. "వంకరున్నదా అన్నా? లైను దారం పట్టి సక్కజేద్దామా?"

వాడు తల దించుకున్నాడు. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో దాచను. "నువ్వు నన్ను కొట్టినా మంచిగుండు" అన్నాడు. "లోపటికి పో. పొయ్యి కాడ ఎవలున్నరో సూసి పో."

లోపలికి వెళ్లాను. గది చీకటిగా ఉంది, ఎండలోంచి రావడంతో ముందు ఏమీ కనబడలేదు. తర్వాత నేలమీద, పొయ్యి ముందు, తెల్ల సిమెంటుతో వేసిన నాలుగు చుక్కల ముగ్గు కనిపించింది. దాని వెనక పోశం బావ పప్పు గిన్నె మీద మూత పెడుతున్నాడు. ఎముకల మీద చొక్కా వేసినట్టున్నాడు. గిన్నె మీద బండ పెట్టి, దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడి, నావైపు చూశాడు. నా చేతినిండా ఎర్రరంగు.

"ఏం బామ్మర్దీ" అన్నాడు, "ఈసారి గూడ సక్కగనే కొట్టినవా?"

ఖఫ్జీ నుంచి దగ్గుకుంటూ వస్తే ఎవరూ పనికి పెట్టుకోలేదట, రాజేశమే పెట్టుకున్నాడట. అది వాడి పాపపరిహారమో, పనిమంతుడైన వంటమనిషి దొరికాడన్న తెలివో నాకిప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నేను పరుగెత్తుకుంటూ ఇంజనీరు దగ్గరికి పోయి, అక్కడ మనుషులున్నారని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఫోటోలు వెళ్లిపోయాయన్నాడు. నెల తిరక్కముందే మిషను వచ్చింది. బావ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. అదే రుమాలులో గోంగూర గింజలు ముడేసుకుని పోయాడని అక్క చెప్పింది. ఆయన బతికిన నాలుగేళ్లూ పండక్కి పోతే నాకు తానే వడ్డించేవాడు. మా అక్కకు గానీ, కొడుక్కు గానీ ఒక్క ముక్క చెప్పలేదు. రాజేశం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కాకపోతే వాణ్ణి తిట్టబోతే, తిట్టు సగం దూరం పోయి వెనక్కి తిరిగి వస్తుంది.

అప్పుడు పదకొండు మందిమి ఒక గోడ లోపల ఉండేవాళ్లం, ఆ గోడ యజమాని మాకు కాఫీ పోసేవాడు. ఇప్పుడు మా అల్లుడి ఇంట్లో నాలుగు ఏసీలున్నాయి, పక్క ఫ్లాటులో ఎవరుంటారో వాడికి తెలియదు. రోడ్డు కోసమని రాజేశమూ నేనూ కలిసి రెండు వంటగదులు కూల్పించాం, అక్కడ ఈ రోజుకీ లారీలు నిద్రపోతున్నాయి. ఎదుటివైపు నా ఎర్రగుర్తు వెంట కట్టిన కొత్త గోడ మాత్రం లేని బావి కోసం ఇంకా జాగ్రత్తగా వంపు తిరిగే ఉంది.

నేను మేకు దగ్గర వంగి కూర్చుంటే సురేశ్ కారు దిగి వచ్చాడు. రోడ్డుకు అటూ ఇటూ చూశాడు.

"నాయిన సులైలనే వంట చేసిండని అమ్మ అంటుండె. ఈడ ఏముండె మామా?"

లేచి మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకున్నాను.

"ఏం లేకుండె బిడ్డా" అన్నాను. "పాత గోడ."